ఏడువందల గ్రాముల ఫార్టీఫోర్

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో నా ఫీల్డు సామాను గురించి రాస్తూ, ఛాతీ మీద కట్టుకునే రివాల్వర్ (స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 329 పీడీ) సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్ళిపోయాను. వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ వాక్యం మీదే ఉన్నాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు మాటలు: నేను యాంకరేజ్‌లో ఉంటాను. రోడ్డో పైపులైనో వేసే ముందు నేల లోపల మంచు ఎంత లోతున ఉంది, మట్టి ఎంత బరువు మోస్తుంది అని చూసి చెప్పడం నా ఉద్యోగం. పంతొమ్మిది వేసవులుగా, ఏడాదికి నాలుగు నెలలు ఎలుగుబంట్లు తిరిగే చోట తవ్వుకుంటూ బతుకుతున్నాను.

ప్రశ్న: అక్కా, నా దగ్గర స్మిత్ అండ్ వెసన్ 629 ఉంది, నాలుగంగుళాల బారెల్. ట్రెకింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ రెండో గంటకల్లా బరువనిపించి బ్యాక్‌ప్యాక్‌లో పడేస్తున్నాను. 329 పీడీ కొందామంటే షాపాయన "ఒక్కసారి కాలిస్తే మళ్ళీ ముట్టుకోరు" అన్నాడు. నిజంగా అంత ఘోరమా? (సియాటిల్ పాఠకుడు)

తమ్ముడూ, నా మొదటి ఆరు వేసవులూ 629తోనే గడిచాయి. తుపాకీగా దానికి వంక పెట్టలేను. కానీ ఖాళీగా ఉన్నప్పుడే అది దాదాపు 1,180 గ్రాములు, ఆరు తూటాలు వేస్తే ఇంకాస్త. నడుముకి కడితే బ్యాక్‌ప్యాక్ బెల్టుకి అడ్డం. భుజానికి వేలాడదీస్తే వంగి తవ్విన ప్రతిసారీ ఊగి మోకాలికి తగిలేది. చివరికి నేనూ నువ్వు చేస్తున్నదే చేశాను, తీసి సంచిలో పెట్టాను.

ఒకరోజు కీనై ద్వీపకల్పంలో, ఆల్డర్ పొదల మధ్య చేత్తో తిప్పే ఆగర్‌తో మట్టి తీస్తున్నాను. సంచి నలభై అడుగుల దూరంలో, ఎండు దుంగ మీద ఉంది. పని ముగించుకుని వెళ్తే దుంగ పక్క బురదలో తడి ఆరని అడుగు. నా రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టినా నిండలేదు. మడమ గుంటలోకి నీళ్ళు ఇంకా ఊరుతున్నాయి. నేను తలొంచుకుని ఆగర్ తిప్పుతున్నంతసేపూ అది నాకూ నా తుపాకీకీ మధ్యలో నడిచిందన్నమాట. ఆ వారమే 629 అమ్మేశాను.

329 పీడీలో పడేదీ అదే .44 మ్యాగ్నమ్ అనే పెద్ద తూటా (పైన ఫార్టీఫోర్ అన్నది దీన్నే), ఆరు పడతాయి, నాలుగంగుళాలకి కాస్త పైన బారెల్. బరువు మాత్రం 25 ఔన్సులు, అంటే ఏడువందల గ్రాముల చిల్లర. తేడా అర కిలోకి దగ్గర. పొద్దున ఛాతీ మీద కట్టుకున్నాక సాయంత్రం టెంట్లో విప్పేటప్పుడే మళ్ళీ గుర్తొస్తుంది. పంతొమ్మిదేళ్ళలో నా సామానులో ఇంత సంతోషం ఇచ్చిన మార్పు ఇంకోటి లేదు.

ఇక తన్నుడు. షాపాయన అబద్ధం చెప్పలేదు. బుల్లెట్ ఎంత ఊపుతో ముందుకు పోతుందో తుపాకీ అంతే ఊపుతో వెనక్కి వస్తుంది. తుపాకీ తేలికైతే అదే ఊపుకి ఎక్కువ వేగంతో రావాలి. ఒకే తూటాతో లెక్క కడితే 329 నీ చేతికిచ్చే దెబ్బలో శక్తి 629 కంటే దాదాపు 1.6 రెట్లు. చలికాలం పొద్దున్నే బిగుసుకున్న చేతులతో గట్టి బంతిని కొడితే బ్యాటు పిడిలోంచి జిల్లుమంటుంది చూడు, దానికి పదింతలు అనుకో. నేను మొదటిరోజు చెక్క పిడితో కాల్చాను. ఐదో దెబ్బకి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చిట్లింది. సిలిండర్ (తూటాలు పెట్టే, తిరిగే చక్రం) తెరిచే బొత్తాం గీసుకుని బొటనవేలి కణుపు మీద ఇంకో గాటు పడింది.

ఆ సాయంత్రమే చెక్క పిడి తీసేసి రబ్బరుది వేశాను. తర్వాత, పెద్ద .500 మోడల్ కోసం చేసిన రబ్బరు పిడి దీనికీ సరిపోతుందని తెలిసి అది కొన్నాను. ఆ పిడి ఫ్రేము వెనక లోహాన్ని పూర్తిగా కప్పేస్తుంది, దెబ్బ మెత్తటి రబ్బరు మీదుగా అరచెయ్యంతా పరుచుకుంటుంది. చర్మం మళ్ళీ చిట్లలేదు. నొప్పి లేదని మాత్రం చెప్పను.

సాధన ఎలాగంటావా? .44 స్పెషల్ అని 1907 నాటి తూటా ఉంది. మ్యాగ్నమ్ కంటే పొట్టిది, బాగా మెత్తనిది, ఇదే సిలిండర్‌లో పడుతుంది. నా పద్ధతి ఇది: కాల్పులు సాధన చేసే రేంజ్‌కి వెళ్తే యాభై స్పెషల్స్, చివర్లో ఆరే ఆరు మ్యాగ్నమ్‌లు. అన్నీ డబుల్ యాక్షన్‌లోనే, అంటే హ్యామర్ చేత్తో లాగకుండా ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి. ఎలుగు మీదికి వస్తుంటే హ్యామర్ లాగే తీరిక ఎవరికీ ఉండదు. ఒక్కోసారి స్పెషల్స్ మధ్యలో ఎక్కడో ఒక మ్యాగ్నమ్ వేసి, అదెక్కడుందో చూడకుండా సిలిండర్ మూస్తాను. ముందే భయపడి చెయ్యి వంచేస్తున్నానా లేదా అన్నది అక్కడ బయటపడుతుంది. చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద మఫ్స్, రెండూ పెట్టుకో. పొట్టి బారెల్ మ్యాగ్నమ్ చప్పుడు 160 డెసిబెల్స్ దాటుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇదంతా వద్దనుకుంటే మధ్యదారి ఉంది. అదే కంపెనీ 2014లో తెచ్చిన మోడల్ 69: ఐదు తూటాలు, మొత్తం ఉక్కు, 37 ఔన్సులు, అంటే కిలో మీద యాభై గ్రాములు. చేతికి చాలా దయగా ఉంటుంది. నెలకో నడకకి వెళ్ళేవాళ్ళకి నేను అదే చెబుతాను. రోజూ మోసేవాళ్ళకైతే 329.

ప్రశ్న: మేడమ్, ఇది అల్యూమినియం అంటున్నారు. అంత పెద్ద తూటాకి అల్యూమినియం తట్టుకుంటుందా? స్కాండియం అంటే ఏమిటి? (డెన్వర్, ఇంజనీరింగ్ విద్యార్థిని)

అమ్మా, నాకు ఇష్టమైన ప్రశ్న అడిగావు. మెండలీవ్ తన ఆవర్తన పట్టికలో బోరాన్ కింద ఒక గది ఖాళీగా ఉంచి, ఇక్కడ ఇంకా దొరకని మూలకం ఒకటి ఉండాలన్నాడు. 1879లో స్వీడన్‌లో నిల్సన్ దాన్ని కనిపెట్టాడు. స్కాండినేవియా పేరు మీద స్కాండియం అయింది. పరమాణు సంఖ్య 21.

ఫ్రేము స్కాండియంతో చేసింది కాదు. అల్యూమినియం మిశ్రమంలో స్కాండియం చిటికెడంత కలుపుతారు. ఆ చిటికెడే లోహం లోపలి రేణువుల్ని సన్నగా ఉంచి, పెద్దవి కాకుండా పట్టి ఉంచుతుంది. బలం అందుకే పెరుగుతుంది. సోవియట్ వాళ్ళు మిగ్-29 విమానాల భాగాల్లో వాడింది ఈ రకం మిశ్రమాలే. తర్వాత బేస్‌బాల్ బ్యాట్లకీ సైకిల్ ఫ్రేములకీ వచ్చాయి.

అసలు పేలుడు ఒత్తిడి మోసేది సిలిండర్. అది టైటానియం. బారెల్ లోపలి గొట్టం ఉక్కే. సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సన్నటి సందులోంచి మంట చిమ్ముతుంది కదా, అది ఫ్రేము పైభాగాన్ని తినెయ్యకుండా అక్కడ చిన్న ఉక్కు రేకు అడ్డం పెట్టారు. సిలిండర్ మూసి, పై నుంచి ఆ సందులోకి టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది. చూసే ముందు తూటాలు తీశావో లేదో రెండుసార్లు చూసుకో.

ఒక జాగ్రత్త: టైటానియం సిలిండర్ ముఖం మీద నల్లటి మసి పడుతుంది. ఉక్కు తుపాకీలకి వాడే గరుకు గుడ్డతో దాన్ని రుద్దకు, పైపూత లేచిపోతుంది. నైలాన్ బ్రష్, ద్రావకం చాలు. మసి మిగిలినా నష్టం లేదు. సిలిండర్‌లో తూటాలు కూర్చునే గదుల లోపల మాత్రం శుభ్రంగా ఉండాలి. పొట్టి స్పెషల్స్ ఎక్కువ కాలిస్తే లోపల వలయంలా మసి పేరుకుని, తర్వాత వేసే పొడుగు మ్యాగ్నమ్‌లు బిగుసుకుంటాయి.

ప్రశ్న: ఎలుగుబంటికి బరువైన సీసపు బుల్లెట్లే వాడాలంటారు. ఎంత బరువైతే అంత మంచిదా అక్కా? (మోంటానా పాఠకుడు)

తేలిక రివాల్వర్‌లో కాదు తమ్ముడూ. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది కాబట్టి వివరంగా చెబుతాను.

ఎలుగు మీద లోతుగా దిగాలి. అందుకే మెత్తగా విచ్చుకునే హాలో పాయింట్లు కాకుండా, గట్టి సీసంతో పోత పోసిన, ముక్కు చదునుగా ఉన్న బుల్లెట్లు వాడతారు. అంతవరకు నువ్వు విన్నది సరైనదే. నేనూ ఒక చిన్న తయారీదారు దగ్గర 300 గ్రెయిన్ల (బుల్లెట్ బరువుని ఈ కొలతలోనే చెబుతారు) పైన ఉన్నవి ఒక పెట్టె కొన్నాను. రేంజ్‌లో మూడు కాల్చాను. నాలుగోదానికి ట్రిగ్గర్ సగం దాకా వచ్చి ఆగిపోయింది. సిలిండర్ తిరగదు, తెరుచుకోదు. తుపాకీని టార్గెట్ వైపే ఉంచి చెయ్యెత్తాను. రేంజ్ పర్యవేక్షకుడు వచ్చి వంగి చూసి, సిలిండర్ ముందు నుంచి ఒక బుల్లెట్ ముక్కు బయటికి పొడుచుకొచ్చి ఫ్రేముకి అడ్డం పడిందని చూపించాడు. సన్నటి ఇత్తడి కడ్డీతో దాన్ని మెల్లగా లోపలికి నొక్కి విడిపించేసరికి పావుగంట అయింది. ఆ పావుగంటా నా బుర్రలో దుంగ పక్కన చూసిన అడుగే.

కారణం ఇదీ. కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి ఎగురుతుంది. కాలని తూటాల ఇత్తడి కేసుల్ని అంచు పట్టుకుని తనతో లాక్కుపోతుంది. వాటిలోని బుల్లెట్లు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. అలా ప్రతి దెబ్బకీ వెంట్రుకవాసి బయటికి జరుగుతాయి. తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా ఎగురుతుంది, బుల్లెట్ ఎంత బరువైతే అంత మొండికేస్తుంది. నా దగ్గర ఆరోజు రెండూ కలిశాయి. పైగా కేసు మూతిని బుల్లెట్ గాడిలోకి నొక్కి బిగించే క్రింప్ ఆ పెట్టెలో వదులుగా ఉంది.

అందుకని ఏ తూటా అయినా కొండల్లోకి తీసుకెళ్ళే ముందు ఈ పరీక్ష చెయ్యి. ఆరు వెయ్యి. ఆరోదాని పొడవు ముందే క్యాలిపర్‌తో కొలిచి రాసిపెట్టుకో. ఐదు కాల్చి ఆరోది తీసి మళ్ళీ కొలువు. పెరిగితే ఆ రకం నీ తుపాకీకి పనికిరాదు, ఎంత పేరున్న కంపెనీదైనా సరే. నాకు 240 గ్రెయిన్ల దగ్గర ఉన్నవి నిలకడగా నిలిచాయి. అవే మోస్తున్నాను. పరీక్షలో ఐదు దెబ్బలు తిన్న తూటాని మళ్ళీ మోయకు, రేంజ్‌లోనే కాల్చెయ్యి.

ప్రశ్న: ఆటోమేటిక్‌లో పదిహేను తూటాలు పడుతుంటే ఆరింటితో ఎందుకు? (టెక్సస్ పాఠకుడు)

మంచి వాదనే. 10 ఎంఎం గ్లాక్ 20 మోసే సహోద్యోగులు నాకున్నారు, వాళ్ళ ఎంపికని గౌరవిస్తాను. గ్రీన్‌లాండ్‌లో కుక్కబండ్ల మీద తిరిగే డెన్మార్క్ సైన్యపు సిరియస్ గస్తీ దళం ధ్రువపు ఎలుగుల కోసం మోసేది ఆ తుపాకీనే. నేను రివాల్వర్ దగ్గర ఎందుకు ఆగానంటే, ఎలుగు మీద పడ్డాక గొట్టాన్ని దాని ఒంటికి ఆనించి నొక్కాల్సి రావచ్చు. అలా ఆనిస్తే ఆటోమేటిక్ పైభాగం కాస్త వెనక్కి జరిగి పేలకపోవచ్చు. రివాల్వర్‌కి ఆ బెడద లేదు. ఒక తూటా పేలకపోతే ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కితే తర్వాతిది వస్తుంది, అదీ ఒంటిచేత్తో. రెండోచెయ్యి ఖాళీగా ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

ప్రశ్న: నేను హెచ్-1బీ మీద ఉన్నాను. అలాస్కా ట్రిప్పుకి ఇలాంటిది కొనుక్కోవచ్చా? (న్యూజెర్సీ పాఠకుడు)

ఆగు నాన్నా. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. మినహాయింపులు కొన్నున్నాయి, వాటిలో ఒకటి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. దాన్ని ఆధారం చేసుకుని అడుగు వెయ్యాలంటే ముందు వకీలుతో మాట్లాడు. "మిత్రుడిది, రేంజ్‌లో ఒకసారి పట్టుకున్నానంతే" అన్నా చట్టం ముందు తేలిక కాదు. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ నిషేధం ఉండదు. ఈ ట్రిప్పుకి బేర్ స్ప్రే (ఎలుగు ముఖం మీద కొట్టే కారపు స్ప్రే) కొనుక్కో, దానికి వీసాతో పనిలేదు.

ప్రశ్న: వేసవిలో కెనడా మీదుగా అలాస్కాకి కారులో వెళ్తున్నాం. రివాల్వర్ డిక్కీలో పెట్టుకుంటే చాలా? (మినెసోటా దంపతులు)

పెట్టుకోకండి. కెనడాలో 105 మిల్లీమీటర్లు, అంతకన్నా పొట్టి బారెల్ ఉన్న చేతి తుపాకీలు నిషిద్ధం. నాలుగంగుళాలంటే 102. దానికి తోడు 2022 అక్టోబరు 21 నుంచి చేతి తుపాకీల మీద ఇంకా కట్టుదిట్టం చేశారు. సరిహద్దు దగ్గర పట్టుబడితే ప్రయాణం అక్కడితో సరి. లైసెన్సున్న డీలర్ ద్వారా ముందే అలాస్కాకి పంపించుకోండి. విమానంలో వచ్చేవాళ్ళయితే తూటాలు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో, కౌంటర్లో చెప్పి చెక్‌-ఇన్ చెయ్యాలి. బేర్ స్ప్రే మాత్రం చేతి సంచిలోనూ చెక్‌-ఇన్‌లోనూ కుదరదు, దిగాక కొనుక్కోండి. సరస్సుల్లోకి వెళ్ళే చిన్న ఫ్లోట్ విమానాల పైలట్లు దాన్ని క్యాబిన్‌లోకి రానివ్వరు, కింద ఫ్లోట్‌లో పెడతారు.

ప్రశ్న: మా ఆయనకి ఈ తుపాకీల పిచ్చి పట్టుకుంది. స్ప్రే చాలదా అండీ? నిజాయితీగా చెప్పండి. (శాక్రమెంటో పాఠకురాలు)

చెల్లీ, మీ ఇద్దరిలో ఒక్కరికే ఒక్క వస్తువు కొనే డబ్బుంటే స్ప్రే కొనండి. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో అనే ఎలుగుబంట్ల పరిశోధకుల బృందం అలాస్కాలో జరిగిన సంఘటనలు పోగేసి 2008లో చూపించిన దాని ప్రకారం, స్ప్రే కొట్టినప్పుడు బ్రౌన్ బేర్లు 92 శాతం సార్లు వెనక్కి తగ్గాయి. స్ప్రే మోస్తూ ఎలుగుకి దగ్గరగా ఎదురుపడినవాళ్ళలో 98 శాతం మందికి గాయాలే లేవు. 2012లో తుపాకీల మీద 269 సంఘటనలు చూశారు. చేతి తుపాకీలు 84 శాతం, పొడవాటివి (రైఫిళ్ళు, షాట్‌గన్‌లు) 76 శాతం పనిచేశాయి. తుపాకీ ఉండీ వాడినవాళ్ళకీ వాడనివాళ్ళకీ గాయాల్లో పెద్ద తేడా కనబడలేదు. ఈ రెండు అధ్యయనాల అంకెలూ పక్కపక్కన పెట్టి పోటీ పెట్టకండి, సంఘటనలు దొరికిన తీరు వేరు. ఐనా చేతి తుపాకీ పొడవాటిదాని కంటే వెనకబడలేదన్నది చూడండి.

స్ప్రేకి హద్దులున్నాయి. కొన్ని సెకన్లలోనే డబ్బా ఖాళీ. అందేది కొన్ని మీటర్లే. ఎదురుగాలైతే మన కళ్ళలోకే వస్తుంది. తుపాకీ వాడితే తర్వాతి బాధ్యతలు బరువైనవి. అలాస్కాలో ప్రాణరక్షణ కోసం ఎలుగుని చంపినా దాని తోలు గోళ్ళతో సహా ఒలిచి, పుర్రె తీసి వన్యప్రాణి శాఖకి అప్పగించాలి, 15 రోజుల్లో రాతపూర్వకంగా వివరం ఇవ్వాలి. తిండి బయట పడేసి మనమే రప్పించుకుని ఉంటే అది రక్షణ కిందకి రాదు. నేషనల్ పార్కుల్లో 2010 నుంచి రాష్ట్ర చట్టం ప్రకారం తుపాకీ మోయవచ్చు, కాల్చడం మాత్రం నిషేధమే.

నేను రెండూ మోస్తాను. స్ప్రే ఎడమ తుంటి మీద, రివాల్వర్ ఛాతీ మీద. మీవారిని తిట్టకండి. పిడి రబ్బరుదేనా అని అడగండి, మీరూ ఒకసారి .44 స్పెషల్ కాల్చి చూడండి.

ప్రశ్న: ఆంటీ, మీరెప్పుడైనా ఎలుగుని కాల్చారా? (తొమ్మిదో తరగతి పాఠకుడు, పోర్ట్‌లాండ్)

లేదు కన్నా. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా లేదు. హోల్‌స్టర్ బొత్తాం విప్పింది మాత్రం ఒకసారి.

కీనైలోనే, రష్యన్ నదికి పైన, ఆగస్టులో. నమూనా సంచులకి చీటీలు కడుతున్నాను. ముప్ఫై అడుగుల్లో గడ్డి కదిలి ఒక పిల్ల లేచి నిలబడింది. దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత తల్లి. చెవులు వెనక్కి పెట్టి దవడలు టకటకలాడించింది. ఆ చప్పుడు వింటే మోకాళ్ళు మాట వినవు. ఎడమచేత్తో స్ప్రే తీసి సేఫ్టీ క్లిప్ లాగేశాను. కుడిచేత్తో ఛాతీ మీద బొత్తాం విప్పి, చెయ్యి పిడి మీదే ఉంచాను, బయటికి తియ్యలేదు. తెలుగులో మాట్లాడాను, అప్పుడు నోటికి అదే వచ్చింది. "వెళ్ళిపోతున్నానమ్మా, నీ పిల్లల జోలికి రాను, వెళ్ళిపోతున్నా" అంటూ ఒక్కో అడుగూ వెనక్కి వేశాను. అది రెండడుగులు దూకి ఆగింది. నేను వెనక్కే నడిచాను. అది పిల్లల వైపు తల తిప్పింది. ముగ్గురూ నీళ్ళ వైపు దిగిపోయారు.

ట్రక్కు దగ్గరికి చేరాక చూస్తే కుడి అరచేతిలో రబ్బరు పిడి చుక్కల అచ్చు ఇంకా ఎర్రగా ఉంది. నమూనా సంచులు మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళి తెచ్చుకున్నాం. స్ప్రే క్లిప్ ఎక్కడ పడిందో దొరకలేదు. కొత్త డబ్బా కొన్నాను.